తలుపుకి ఆ పక్క

2025 జూన్ 8, ఆదివారం

పంకజ పుస్తకం నిన్న కొరియరులో వచ్చింది. లైబ్రరీ అడ్రసుకే పంపించింది, రెండు కాపీలు. ఒకటి లైబ్రరీకి, ఒకటి నాకు. నా దాంట్లో మొదటి పేజీ మీద ‘నా మునికి, ప్రేమతో’ అని రాసి, కింద పొడుగ్గా ‘పంకజాక్షి’ అని సంతకం. కాలేజీలో పిల్లోళ్ల పేపర్లు దిద్ది పెట్టేదే ఆ సంతకం.

‘నేను నడిచిన ఎండ’ అంట పేరు. దాని కింద చిన్నక్షరాల్లో ‘ఆత్మకథ’. ఆరో తరగతిలో నా పక్కన బెంచీ మీద కూర్చున్న పిల్ల, నాతో కలిసి చిత్తూరు వీధుల్లో పుల్లైసు చీక్కుంటా తిరిగిన పిల్ల, ఆత్మకథ రాసింది. అట్టని ఎంతసేపు తడిమినానో.

మా లైబ్రరీలో గుమ్మానికి ఎదురుగా ఉండే బీరువా అంతా జీవితకథలే. అది నేను పట్టుబట్టి పెట్టింది. నవలలు చదివేవాళ్లు నవలలే చదువుతారు, పోటీ పరీక్షల పిల్లోళ్లు గైడ్లు తప్ప ముట్టరు. ఒక మనిషి బతుకుని ఇంకో మనిషి చదవాల అని నా పిచ్చి. అందుకే నెలకొక పుస్తకం తీసి, అట్టకార్డు మీద నాలుగు మాటలు రాసి బోర్డుకి గుచ్చుతాను. పోయిన నెల ఒక నర్సమ్మ రాసుకున్నది. అంతకు ముందు ఒక లారీ డ్రైవరుది, దానికి ముందు వీధినాటకాల్లో ఆడవేషం కట్టిన ఆయనది. కార్డు మారిన పొద్దే వచ్చి నిలబడేవాళ్లు ఉండారు. ప్రేమానందం సార్ అయితే కార్డులో రాసిన మాటలు నాకే ఒప్పజెప్తాడు.

ఈ నెలకి పంకజ పుస్తకమే. మూడు అధ్యాయాలు చదివినాను. మా స్కూలు, వాళ్ల నాయన బెల్లం మండీ, చీవాట్లు పెట్టే మా తెలుగు టీచరు. అన్నీ ఉన్నవి ఉన్నట్టే. మిగతాది తర్వాత చదువుకోవచ్చులే అని కార్డు రాసేసినాను. ‘మన ఊరి ఆడమనిషి దాపరికం లేకుండా రాసుకున్న బతుకు. తప్పక చదవండి. – మునిలక్ష్మి, లైబ్రేరియన్.’

ఐశ్వర్యకి ఫోన్ చేసినాను. నా బిడ్డ తిరుపతిలో ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్తుంది, హాస్టల్లో ఉంటుంది, ఆదివారం పూట మాత్రం పంకజ ఇంట్లోనే భోజనం. ‘నాకూ ఇచ్చింది మా పెద్దమ్మ. కాలేజీలో అందరికీ చూపిస్తాను’ అనింది. దాని గొంతులో ఒకటే గర్వం. నాకూ అంతే.

జూన్ 11, బుధవారం

నాలుగో అధ్యాయం మొదలుపెట్టినాను. తలనొప్పిగా ఉంటే మూసి పెట్టేసినాను.

జూన్ 12, గురువారం

తలనొప్పి కాదు.

నాలుగో అధ్యాయం పేరు ‘పల్లవి’.

పేర్లు కలుస్తాయి. పల్లవి అనే పేరు ఎంతమందికో ఉంటుంది. బంగారుపాళ్యం పక్కన మామిడి తోట కూడా కలుస్తుందా? బెంగళూరా కాయ కోతల కాలం కలుస్తుందా? నెల దాటిన బిడ్డకి ఒళ్లు కాలిపోతా ఉంటే అత్త ‘ఈ పొద్దు లారీ కాయకి కావాల, రేపు పోదాంలే ఆస్పత్రికి’ అన్న మాట, ఆ మాట ఉన్నది ఉన్నట్టు ఎట్లా కలుస్తుంది?

పంకజ కాపురం చేసింది తిరుపతిలో. మొగుడు రామచంద్ర బ్యాంకులో పని చేసినాడు. మెతక మనిషి. వాళ్లకి పిల్లలు లేరు. ‘నాకు మొదట ఒక పెళ్లి అయింది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు’ అని రాసింది పుస్తకంలో. కాదు అనేదానికి ఇప్పుడు రామచంద్ర లేడు, వాళ్ల నాయన లేడు.

ఆ తోట నాది. ఆ అత్త నాకు అత్త. ఆ బిడ్డ నా బిడ్డ.

నాకు ఇరవై ఏండ్లప్పటి సంగతి. మా వాళ్లు నోరెత్తకుండా పూడ్చేసినారు. ఐశ్వర్య నాయన ధర్మేంద్రని చేసుకునే ముందు ఆయనకి చెప్పినాను. ‘సరే’ అన్నాడు, పొయ్యేదాకా మళ్లా ఆ మాట ఎత్తలేదు. ఐశ్వర్యకి తెలీదు. దానికెందుకు అనుకున్నాను. బిడ్డ పేరు మాత్రం ఆయనకి కూడా చెప్పలేదు. పేరు పెట్టే వేడుక కాకముందే పొయ్యింది అది. పల్లవి అని నేను నా నోట్లోనే పిలుచుకున్న పేరు. ఒక్క పంకజకే చెప్పినాను, దాని ఒడిలో తలపెట్టుకోని.

బిడ్డ పొయ్యినాక ఒక మధ్యాన్నం, అందరూ కోతల్లో ఉండంగా, ఆ ఇంట్లోంచి బయటపడి రోడ్డెక్కినాను. కాళ్లకి చెప్పులు లేవు. కొంత దూరం నడిచి, కొంత దూరం కాయల ట్రాక్టరులో. చిత్తూరు చేరి మొదట పంకజ ఇంటికే పొయ్యినాను. తలుపు తట్టినాను, పిలిచినాను. ఎవురూ తియ్యలేదు. ఆ పొద్దు వాళ్లంతా తిరుత్తణికి పెళ్లికి పొయ్యినారంట. తర్వాత పంకజే చెప్పింది, అయ్యో అయ్యో అని నా చేతులు పట్టుకోని. ఇంక యాడికి పోవాలో తెలీక, తెరిచి ఉన్న లైబ్రరీ కనిపిస్తే లోపలికి పొయ్యి ఫ్యాను కింద కూర్చున్నాను. ఎవురూ ఎందుకొచ్చినావని అడగలేదు. సాయంత్రం పూతలపట్టుకి, మా మేనమామ ఇంటికి పొయ్యినాను.

నాలుగో అధ్యాయంలో ఆ రోడ్డంతా పంకజ నడిచింది. చెప్పుల్లేని కాళ్లు పంకజవి. పాలు కట్టుకోని రైక తడిసింది పంకజది.

స్కూలు అధ్యాయాల్లో ఉన్న ముని నాలుగో అధ్యాయం నుంచి లేదు. తిరగేసి చూసినాను. యాడా లేదు.

జూన్ 13, శుక్రవారం

లైబ్రరీకి సెలవు. ఇల్లు కడిగినాను. కడిగిన గదినే మళ్లా కడిగినాను.

నన్ను కాపాడేదానికి అట్లా రాసి ఉంటుంది. నా పేరు పెడితే ఐశ్వర్యకి తెలిసిపోతుంది, ఊరికి తెలిసిపోతుంది. ఈ కథ ఎవురికీ తెలీకుండా పోకూడదని, పాపం, తన మీద వేసుకోని రాసింది. అదీ ఒక త్యాగమే గదా.

మధ్యాన్నం పంకజకి ఫోన్ చేసినాను. మా వైపు ఇంకా మామిడి కాయల లారీలు పోతా ఉండాయని, వీధంతా మాగిన వాసన అని చెప్పినాను. తిరుపతిలో వాన పడిందంట. పంకజే అడిగింది, ‘చదివినావా మునీ?’

‘మూడు అధ్యాయాలు.’

‘ఆ తర్వాత?’

‘ఇంకా లేదు. పని జాస్తిగా ఉండాది.’

అవతల ఒక ఊపిరి వదిలిన చప్పుడు. ‘నిదానంగా చదువు, తొందరేముండాది’ అనింది.

త్యాగం చేసినామె ఊపిరి అట్లా వదులుతుందా?

జూన్ 17, మంగళవారం

ప్రేమానందం సార్ వచ్చినాడు. ఆర్టీసీలో చేసి రిటైరైన మనిషి, మా పాఠకుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. పుస్తకం రెండు చేతుల్తో పట్టుకోని వచ్చి నా బల్ల మీద పెట్టినాడు.

‘మేడమ్, మీ కార్డు సూసి తీసుకుంటిని. మా ఆవిడికి చదివి వినిపిస్తా ఉంటే ఆమె అయితే వంట వదిలేసి ఏడ్చింది. ఆ తల్లి ఎండలో నడిచింది సూడండి, కాళ్లకి చెప్పుల్లేకుండా! మన రోడ్డే గదా అది. నేను బస్సులో ఎన్నిసార్లు తిరిగినానో ఆ రోడ్డు మీద. ఒకవేళ ఆమెని దాటుకోని పొయ్యినానేమో అనిపించింది.’

‘ఎండ బాగా ఉన్నింది సార్ ఆ ఏడు’ అనేసినాను.

ఆయన గమనించలేదు. ‘ఆమెని పిలిపిస్తాం. ఈ నెలాఖరు ఆదివారం, మన హాల్లోనే. మీ స్నేహితురాలే గదా, మీరు చెప్తే వస్తుంది. పుస్తక పరిచయం మీరే చెయ్యాల.’

తల ఊపినాను. ఎందుకు ఊపినానో నాకే తెలీదు.

జూన్ 19, గురువారం

బోర్డు మీద కార్డు తీసేద్దామని లేచినాను. కాలేజీ ఆడపిల్లోళ్లు ఇద్దరు దాని ముందర నిలబడి చదువుతా ఉండిరి. వచ్చి కూర్చున్నాను. ఆ పుస్తకం కోసం ఇంకా ఐదుమంది పేర్లు చెప్పి పొయ్యినారు.

జూన్ 22, ఆదివారం

ఐశ్వర్య ఇంటికొచ్చింది. బస్సు దిగి లోపలికొచ్చి బ్యాగు కూడా పెట్టకుండా నన్ను పట్టుకోని ఏడ్చింది.

‘మా, పెద్దమ్మకి ఒక బిడ్డ ఉన్నింది. నీకు తెలుసా?’

‘ఊ.’

‘తెలిసి కూడా ఇన్నేండ్లు నాకు చెప్పలేదే! నేను ప్రతి ఆదివారం పొయ్యి ఆమె చేతి అన్నం తింటాను. పిల్లలు లేరు కాబట్టి నన్ను చూసుకుంటా ఉండాదిలే అనుకున్నాను. ఒక బిడ్డని అట్లా పోగొట్టుకున్న మనిషి అని తెలిసుంటే నేను ఇంకెంత బాగా ఉందును!’

నేను చేపల పులుసు పెట్టినాను. పులికాట్ చేప, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చే ఆమె దగ్గర తీసుకున్నాను, అది ఇష్టంగా తింటుందని. తినలేదు. కలుపుతా కూర్చునింది.

‘ఎంత ధైర్యం మా పెద్దమ్మకి. ఆ కాలంలో అట్లా ఇల్లు దాటి రావడం అంటే. నువ్వైతే రాగలవా మా? నువ్వు కోప్పడొద్దు, నీది వేరే బతుకు. లైబ్రరీ, ఇల్లు, నేను. నీకు అట్లాంటిదేమీ జరగలేదు కాబట్టి సరిపొయ్యింది.’

నోటి దాకా వచ్చింది.

‘అన్నం చల్లారిపోతా ఉండాది, తిను’ అన్నాను.

జూన్ 24, మంగళవారం

ఈ పొద్దు మిగతా పుస్తకం అంతా చదివినాను. ఎవురూ లేనప్పుడు, బల్ల కింద పెట్టుకోని, దొంగతనంగా.

ఎండలో నడిచి వచ్చి స్నేహితురాలి తలుపు తట్టే చోటు ఉండాది. స్నేహితురాలికి పేరు పెట్టలేదు. ఆ పేజీ ఇట్లా ఉండాది, ఈడ రాసుకుంటా ఉండాను, ఎందుకంటే రాస్తే గానీ నాకు నమ్మకం కలగడం లేదు:

‘తలుపు తట్టాను. బదులు లేదు. లోపల నా స్నేహితురాలు కొబ్బరి తురుముతూ కూర్చుని ఉంది. నా గొంతు వినగానే లేచి వచ్చి గడియ మీద చేయి వేసింది. వెనక నుంచి వాళ్ల నాన్న, వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె చేయి గడియ మీదే ఉండిపోయింది. వేళ్లకున్న కొబ్బరి చెమటకి తడిసి ఇనుముకి అంటుకుంది. బయట నుంచి నేను మళ్లీ మళ్లీ ఆమె పేరు పిలిచాను. చివరిసారి పిలిచినప్పుడు ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.’

ఇది నేను పంకజకి చెప్పలేదు. చెప్పేదానికి నాకు తెలిస్తే గదా.

తలుపుకి ఈ పక్క నిలబడినదాన్ని నేను. నాకు కనిపించింది నీలం రంగు చెక్క, దాని మీద ఎండ. కొబ్బరి నాకు తెలీదు. గడియ మీద చెయ్యి తెలీదు. వాళ్ల నాయన తల ఊపడం తెలీదు.

తిరుత్తణికి పొయ్యినామని చెప్పింది.

జూన్ 25, బుధవారం

పెళ్లికూతురి చీర రంగు కూడా చెప్పింది. చిలకపచ్చ అనింది. భోజనంలో అప్పళాలు మెత్తబడి పొయ్యినాయంట. నేను ఏడస్తా ఉంటే నన్ను నవ్వించేదానికి చెప్పింది అవన్నీ. నేను నవ్వినాను కూడా.

జూన్ 27, శుక్రవారం

తిరుపతికి పొయ్యినాను. పంకజ ఇల్లు అలిపిరికి పొయ్యే రోడ్డులో, మూడో అంతస్తు. తలుపు తీసిన వెంటనే నా మొహం చూసింది. ‘చదివినావు’ అనింది. కూర్చోమని కూడా అనలేదు, తను కూర్చునేసింది.

దారంతా ఎన్ని మాటలు అనుకోని పొయ్యినాను! ఒకటీ రాలేదు. ‘ఆ పిల్ల పేరు ఎందుకు పెట్టినావు పంకజా?’ అని మాత్రం అడిగినాను.

‘వేరే పేరు పెట్టి చూసినాను మునీ. రాయలేకపొయ్యినాను.’

‘నా బిడ్డ అది.’

‘కాదన్నానా?’

‘పుస్తకంలో నీ బిడ్డ అనింటివి గదా. అచ్చేసి ఊరికంతా చెప్పినావు గదా.’

చీర కొంగు వేలికి చుట్టుకుంటా, ‘నీ పేరు పెట్టి రాసుంటే నువ్వు ఊరుకునేదానివా? రాయనిచ్చేదానివా?’ అనింది.

‘రాయమని నిన్ను ఎవురడిగినారు?’

‘నా దగ్గర ఏముండాది మునీ రాసేదానికి?’ గొంతు పెంచింది. ‘చదువుకున్నాను, పాఠం చెప్పినాను, రిటైరైనాను. రామచంద్ర పొయ్యినాక ఈ ఇంట్లో కూర్చోని నా బతుకు రాద్దామని మొదలుపెడితే మూడు అధ్యాయాలకే అయిపొయ్యింది. నువ్వు ఎప్పుడో ఒకనాడు చెప్పిన మాటలే నాకు గుర్తొస్తా ఉండె. నాకు జరిగిన వాటికన్నా అవే బాగా గుర్తు. నీ బిడ్డని నేనూ మోసినాను మునీ, ఇన్నేండ్లూ.’

నాకు ఒళ్లు మండిపొయ్యింది. మోసిందంట.

‘తలుపు సంగతి చెప్పు’ అన్నాను.

కొంగు విప్పి మళ్లా వేలికి చుట్టుకునింది.

‘తిరుత్తణి పెళ్లి సంగతి చెప్పు. చిలకపచ్చ చీర సంగతి చెప్పు.’

‘తలుపు తీసుంటే మా నాయన నా చదువు మాన్పించేవాడు. మొగుడ్ని వదిలేసి వచ్చినదాన్ని ఇంట్లోకి రానిచ్చినామని తెలిస్తే నాకు సంబంధాలు రావని భయం ఆయనకి. నాకేమి వయసు అప్పుడు? నీ వయసే గదా.’

‘నా వయసులో నేను బిడ్డని పూడ్చి వచ్చి నీ గుమ్మంలో నిలబడి ఉంటిని.’

‘నాకు తెలుసు. వినిపించింది. నువ్వు పిలిచింది ప్రతిసారీ వినిపించింది.’ ఇప్పుడు ఏడ్చింది. ‘నేను దాచలేదు గదా మునీ. పుస్తకంలో రాసినాను గదా. ఆ స్నేహితురాల్ని మంచిదని యాడన్నా రాసినానా చూడు. తలుపు తియ్యలేదనే రాసినాను.’

‘ఎవురు తియ్యలేదని రాసినావు? నువ్వు బయట నిలబడినావు దాంట్లో. ఎండ నీది, బిడ్డ నీది, ఏడుపు నీది. తలుపు తియ్యనిది మాత్రం పేరు లేని ఎవతో.’

పంకజ కళ్లు తుడుచుకోని చాలాసేపు కిటికీలోంచి కొండ వైపు చూసింది. తర్వాత అడిగింది చూడు మాట! ‘ఆదివారం సభకి నువ్వుంటావు గదా? నువ్వు లేకుంటే నేను అంతమందిలో మాట్లాడలేను.’

‘రాకు పంకజా. నా లైబ్రరీకి రాకు.’

‘ప్రేమానందం గారు అందరికీ చెప్పేసినారంట. రాకుంటే ఏమనుకుంటారు?’

కాఫీ తాగిపొమ్మనింది. తాగలేదు. దిగేటప్పుడు మెట్లు కనిపించలేదు, గోడ పట్టుకోని దిగినాను.

జూన్ 28, శనివారం

ఐశ్వర్య ఫోన్. పంకజ నా కన్నా ముందే దానికి చెప్పుకున్నట్టుండాది. ఏమి చెప్పిందో, ఎంత చెప్పిందో.

‘మా, పెద్దమ్మ నిన్నటి నుంచి అన్నం తినలేదు. నువ్వొచ్చి ఏమో అన్నావంట. ఏమన్నావని అడిగితే చెప్పదు. మీ అమ్మకి నా పుస్తకం నచ్చలేదు అంటుంది, అంతే. నీకేమి కష్టం మా? ఆమెకి ఈ వయసులో రవంత పేరొస్తే నువ్వు సంతోషపడాల గదా.’

‘నాకు అసూయ అంటావా?’

‘నేనట్లా అనలేదు.’ కాస్త ఆగి, ‘కాకుంటే ఇంకేమి?’ అనింది.

ఇంక చెప్పేసినాను. ఇట్లా చెప్పాలని ఎప్పుడూ అనుకోలేదు. ఫోన్లో, వంటింట్లో నిలబడి, పాలు పొంగిపోతా ఉండంగా. ‘పల్లవి నా బిడ్డ. నీకు అక్క. మీ నాయన కన్నా ముందు నాకు ఒక పెళ్లయ్యింది. ఆ పుస్తకంలో నడిచింది నేను.’

ఐశ్వర్య నిదానంగా అనింది, క్లాసులో తెలివితక్కువ పిల్లకి చెప్పినట్టు, ‘మా, ఎందుకు ఇట్లా మాట్లాడతా ఉండావు? నాకు భయంగా ఉండాది. రేపు సభకి వస్తాను, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతాను. అందాకా ఎవురితోనూ ఈ మాట అనొద్దు.’

నా బిడ్డ నన్ను నమ్మలేదు. పరాయివాళ్ల మాట కూడా కాదు, కన్న తల్లి మాట. చూపించేదానికి నా దగ్గర ఏముండాది? ధర్మేంద్ర లేడు. మేనమామ లేడు. తెలిసినామె ఒక్కతే, ఆమె పుస్తకం రాసి పెట్టింది.

స్టవ్ కడగాల. పాలు మాడి అంటుకున్నాయి.

జూన్ 29, ఆదివారం

రాకు అన్నా వచ్చింది. తేనెరంగు పట్టుచీర, మెళ్లో ముత్యాలు. ఐశ్వర్య ఆమె పక్కనే కారు దిగింది, చెయ్యి పట్టుకోని నడిపించుకోని వచ్చింది. నన్ను చూసి తల వంచుకునింది నా బిడ్డ.

హాలు నిండిపొయ్యింది. పేపర్లు చదివేదానికి వచ్చే ముసలోళ్లు, కాలేజీ పిల్లోళ్లు, ప్రేమానందం సార్ భార్య, వీధిలోని ఆడవాళ్లు. ఇన్నేండ్లలో నా లైబ్రరీకి ఇంతమంది రావడం నేను చూడలేదు. నేను కోరుకున్నదే ఇది. ఒక మనిషి బతుకు వినేదానికి ఇంతమంది రావడం.

ప్రేమానందం సార్ ‘ఈ తల్లి’, ‘ఈ తల్లి’ అంటా చాలాసేపు మాట్లాడి, ‘ఇప్పుడు మన మునిలక్ష్మి మేడమ్ పుస్తకాన్ని పరిచయం చేస్తారు’ అని కూర్చున్నాడు.

లేచినాను. అంతా చెప్పేద్దామనే లేచినాను. ఇది నా కథ, ఈమె దొంగ అని. మైకు పట్టుకున్నాక ముందు వరసలో ఐశ్వర్య మొహం కనిపించింది. వద్దు మా, వద్దు అన్నట్టు చూస్తా ఉండాది. నేను చెప్తే ఎవురు నమ్ముతారు, కన్నబిడ్డే నమ్మనిది.

‘ఒక పేజీ చదువుతాను’ అన్నాను. తలుపు పేజీ తీసి చదివినాను. కొబ్బరి, గడియ, వాళ్ల నాయన తల ఊపడం. ‘చివరిసారి పిలిచినప్పుడు ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది’ దాకా చదివినాను. అక్కడితో ఆపి, కూర్చునేసినాను. పరిచయం అంతే.

పంకజ మాట్లాడింది. బాగానే మాట్లాడింది, పాఠం చెప్పిన మనిషి గదా. నాకు ఒక్క ముక్క తలకెక్కలేదు. ప్రశ్నలు ఏమన్నా ఉంటే అడగండి అన్నాడు ప్రేమానందం సార్. ఎవురో ఎన్నాళ్లు రాసినారు అని అడిగినారు. ఇంకెవురో సినిమా తియ్యచ్చు అన్నారు.

అప్పుడు ఐశ్వర్య లేచింది.

‘పెద్దమ్మా, ఇందాక అమ్మ చదివిన పేజీ. తలుపు మూసి ఉండాది. నువ్వు బయట ఉండావు. లోపల ఆమె కొబ్బరి తురుముతా ఉండాదని, చెయ్యి గడియ మీద పెట్టిందని, కళ్లు మూసుకునిందని నీకెట్లా తెలిసింది?’

గెలవాలని అడగలేదు అది. దానికి నిజంగానే అర్థం కాలేదు. లెక్కలో ఒక మెట్టు తప్పినట్టు కనిపిస్తే అడిగినట్టు అడిగింది.

‘తర్వాత ఆమె చెప్పిందా?’ అని మళ్లా తనే అందించింది. అవును అని ఒక్క మాట అంటే సరిపొయ్యేది పంకజకి. అంటుందనే అనుకున్నాను.

పంకజ నా వైపు చూసింది. మైకు పక్కకి పెట్టింది.

‘నేను లోపలే ఉంటిని, ఐశ్వర్యా.’

ప్రేమానందం సార్ రెండు చేతులూ ఎత్తి, ‘ఎంత మాట అన్నారమ్మా! తలుపు తియ్యని మనిషి లోపలికి కూడా దూరి ఆమె బాధ చూసినారు, అదీ రచయిత అంటే!’ అని చప్పట్లు కొట్టినాడు. హాలంతా కొట్టింది. ఆగకుండా కొట్టినారు.

ఐశ్వర్య కొట్టలేదు. నిలబడే ఉండాది. పంకజని చూసింది, తర్వాత నన్ను చూసింది. ముందు నా మొహం, తర్వాత నా కాళ్లు.

శాలువా కప్పేటప్పుడు పంకజ ఏడస్తా ఉంటే అందరూ సంతోషంతో అనుకున్నారు. ఆమె కారులో ఒక్కతే పొయ్యింది.

ఇంటికొచ్చినాక ఐశ్వర్య చేతులు కడుక్కోని వచ్చి నా ఎదురుగా కూర్చునింది.

‘నిన్న నేను నీతో అట్లా మాట్లాడితిని గదా మా.’

‘పోనీలే.’

‘పోనీలే అనొద్దు. నాకెందుకు చెప్పలేదు ముందే?’

నీకు చెప్తే పల్లవి మళ్లా చచ్చిపోతుంది అనిపించేది అన్నాను. ఐశ్వర్య నా కాలి మీద చెయ్యి వేసి కూర్చునింది. నేను ఊరికే గోడ చూస్తా కూర్చున్నాను. సంతోషం కాలేదు నాకు. గెలిచినట్టు కూడా లేదు. హాల్లో చప్పట్ల మోత ఇంకా చెవుల్లో ఉండాది.

జూలై 1, మంగళవారం

పంకజ మెసేజి పెట్టింది. పుస్తకం రెండో ముద్రణ వేస్తా ఉండారంట. దాంట్లో మొదటి పేజీలో ‘తలుపు బయట నిలబడిన నా స్నేహితురాలికి’ అని అంకితం ఇస్తుందంట. ‘సరేనా మునీ?’ అని అడిగింది.

వద్దు అని పెట్టినాను. మూడుసార్లు ఫోన్ చేసింది. తియ్యలేదు.

ఎప్పుడన్నా బాధ కలిగితే పంకజకి చెప్పుకునేదాన్ని. ఈ బాధ కూడా మొదట పంకజకే చెప్పబుద్ధయ్యింది. చెయ్యి ఫోన్ మీదికి పొయ్యింది. ఎంత అలవాటు చూడు!

జూలై 3, గురువారం

పొద్దున లైబ్రరీ తెరిచి మొదట చేసిన పని, ఆ పుస్తకం తీసుకోని పొయ్యి నవలల బీరువాలో పెట్టడం. జరగంది జరిగినట్టు రాసినామెకి అదే చోటు.

పదకొండు గంటలకి ఒక పిల్ల వచ్చి అడిగింది. నవలల్లో ఉండాది చూడమ్మా అన్నాను. ‘అయితే ఇది నిజం కాదా మేడమ్? ఆ పాప లేదా?’ అనింది. ఎంత తేలిక పడిందో దాని మొహం!

నేను లేచి పొయ్యి పుస్తకం తీసుకోని, జీవితకథల బీరువాలో పెట్టినాను. ‘పాప ఉండేది’ అని చెప్పినాను.

కార్డు మాత్రం బోర్డు మీద నుంచి తీసేసినాను.

జూలై 11, శుక్రవారం

ఐశ్వర్య సెలవు పెట్టి వచ్చింది. ‘ఆ చోటు నాకు చూపించు’ అనింది. నేను ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా పోలేదు. బెంగళూరు బస్సు ఆ రోడ్డున పోతుందంటే కిటికీ పక్కన కూర్చోను నేను.

దాని స్కూటీ మీద పొయ్యినాము. ఆ ఇల్లు లేదు. తోట లేదు. పల్ప్ ఫ్యాక్టరీ పెట్టినారు, పొడుగ్గా కాంపౌండు గోడ, లోపల టెంకల కుప్ప, పైన ఈగలు. కాలవ గట్టు పక్కన పూడ్చినారు బిడ్డని. ఆ కాలవ మీద రోడ్డు వెడల్పు చేసేసినారు. ఇదేనా, కాదా అని గోడ పొడుగునా నడిచినాను. ఈ పొద్దు చెప్పులు ఉన్నాయి, అయినా కాళ్లు కాలినట్టే ఉండాది. వాచ్‌మన్ వచ్చి ఎవురు కావాలమ్మా అని అడిగినాడు. ఎవురూ వద్దప్పా అన్నాను.

రోడ్డు పక్కన జ్యూసు బండి దగ్గర నీడలో కూర్చున్నాము. లారీలు పోతా ఉండాయి. ఐశ్వర్య ఎంతసేపటికో అడిగింది.

‘మా, పెద్దమ్మకి నువ్వు అంతా చెప్పేసినావా? ఆమె రాయనిది ఏమన్నా ఉండాదా?’

ఆలోచించినాను. దుఃఖం అంతా చెప్పుకున్నాను పంకజకి, జ్వరం, లారీ, అత్త మాట, పాలు కట్టుకున్నది, అన్నీ. అవే అడిగింది, అవే చెప్పినాను. బిడ్డ ఎట్లుండేది అని పంకజ అడగలేదు. నేనూ చెప్పలేదు.

‘పాలు తాగేటప్పుడు కుడికాలు ఒక్కటే ఆడించేది’ అన్నాను. ‘ఆపకుండా. కుట్టుమిషన్ తొక్కినట్టు. కడుపు నిండితే గానీ ఆపేది కాదు. నేను పాదం పట్టుకుంటే కోపం వచ్చి పాలు వదిలేసేది.’

ఐశ్వర్య నన్నే చూస్తా ఉండాది. ‘నేను?’

‘నువ్వు రెండు కాళ్లూ. తన్నేదానివి నన్ను.’

అది నవ్వేసింది. నోటి నిండా జ్యూసు ఉండాది, ముక్కులోకి పొయ్యి దగ్గు వచ్చింది, వీపు తట్టినాను. నాకూ నవ్వు వచ్చింది. పల్లవి మాట చెప్పుకోని నేను నవ్వడం ఇదే మొదలు. జ్యూసు బండి ఆమె మమ్మల్ని చూసి, ‘ఏమిమా, అంత నవ్వుతా ఉండారు?’ అని అడిగింది.

‘మా పెద్దబిడ్డ సంగతిమా’ అన్నాను.